కళ్లజోడు స్క్రూ

కళ్లజోడు తుడుస్తుంటే కాడ ఊడి చేతికొచ్చింది. ఆవగింజంత స్క్రూ టిక్కుమని నేల మీద పడి మంచం కిందికి దొర్లిపోయింది. జోడు లేకపోతే నాకు మంచమే మసకగా కనబడుతుంది, ఇక స్క్రూ సంగతి చెప్పేదేముంది?

"చీపురు తేనా?" అంది మా ఆవిడ. చీపురా! పాత హార్డ్ డిస్క్ విప్పినప్పుడు దాచుకున్న నియోడిమియం అయస్కాంతం, చిన్నదైనా మహా బలమైంది, నా దగ్గరుండగా!

"అది ఇనుమునెందుకు లాగుతుంది నాన్నా?" అంది అమ్మాయి. మంచం కింద బోర్లా పడుకునే పాఠం మొదలెట్టాను. ఇనుములో ఒక్కో పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. అవి డొమైన్లని గుంపులు కట్టుకుని, ఒక్కో గుంపూ ఒక్కో దిక్కు చూస్తుంటుంది. అందుకే మామూలు గుండుసూది దేన్నీ లాగదు. అయస్కాంతం దగ్గరికొచ్చిందా, అది లాగే దిక్కుకే చూస్తున్న గుంపులు పక్కవాటిని కలిపేసుకుని పెరుగుతాయి. సూదే కాసేపు అయస్కాంతమవుతుంది. దాని దగ్గరి కొసను మనది లాగుతుంది, దూరపు కొసను నెడుతుంది. దగ్గర అయస్కాంత క్షేత్రం బలమెక్కువ కాబట్టి లాగుడే గెలుస్తుంది.

"రెండు కొసల దగ్గరా బలం ఒకటే అయితే?"

"సూది ఆ దిక్కుకు తిరుగుతుందంతే, ముందుకు రాదు." మంచి ప్రశ్నే. నా పోలికే.

పావుగంట దేవాక. మూడు గుండుసూదులు, ఓ హెయిర్‌పిన్ను, బోలెడు స్టేప్లర్ పిన్నులు. స్క్రూ మాత్రం లేదు.

"ఇదిగో నాన్నా!" టార్చి వేసి అమ్మాయి తీసింది. నేను మూడుసార్లు అయస్కాంతం తిప్పిన చోటే ఉందట! ఆనించి చూస్తే ఉలకదు, పలకదు. అప్పుడు వెలిగింది: స్టెయిన్‌లెస్ స్టీలు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిపే రకం. ఇనుమూ నికెలూ విడివిడిగా అయస్కాంతమంటే పడిచచ్చేవే. ఇలా కలిసి కాపురం పెడితే పరమాణువుల అమరికే, అంటే స్ఫటిక నిర్మాణమే మారిపోయి, దాన్ని ఎరగనట్టు ఊరుకుంటాయి.

మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. అయస్కాంతాన్ని లోపల పెట్టేద్దామని బీరువా దగ్గరికెళ్లానో లేదో, అది చేతిలోంచి ఎగిరి తలుపుకు ఠప్పున అతుక్కుంది. మధ్యలో నా చూపుడు వేలు.

కేక వేశాను. "మధ్యలో వేలున్నా బలం తగ్గదా నాన్నా?" అంది అమ్మాయి. దూరంతో తగ్గుతుంది, నా వేలు ఇంకాస్త లావుంటే బాగుండేది. పీకితే రాదని మా ఆవిడే కనిపెట్టి, పక్కకు జరిపి లాగింది.

అంతలో టిక్కుమని చప్పుడు. నా కేకకు దడుచుకుని అమ్మాయి స్క్రూ వదిలేసింది.

ఈసారి చీపురు నేనే అందుకున్నాను, ఎడం చేత్తో.