మా ఇంటి కూర గంటెకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ కూర గంటె గారికి,

దేవరకొండ దగ్గర ఒక ఊర్లె నువ్వు వడ్డించిన బువ్వ తిని పెరిగిన ఆడిపిల్ల నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంత క్షేమం, నువ్వు కూడ క్షేమమే అని నాకు ఎరుకే, ఎందుకంటే ఇయ్యాల పొద్దున నువ్వు మటన్ గంజుల మెడదాక మునిగి ఉంటే చూసిన, మల్ల పది నిమిషాలకు టమాట పప్పు గిన్నెల కూడ చూసిన. మధ్యల నిన్ను ఎవరన్న కడిగిండ్రా అంటే కడగలె. గంజు అంచుకు రెండుసార్లు టక్ టక్‌మని కొట్టిండ్రు. మా ఇంట్ల శుద్ధి అంటే అంతే, మంత్రం కూడ ఉండదు.

ఇగ గారు గీరు ఇక్కడికి ఆపుత. ఇన్నేండ్ల పరిచయం, ఇప్పుడు మర్యాద ఇస్తే నీకే ఎబ్బెట్టుగ ఉంటది.

నేను ముక్క మానేసింది టెన్త్ అయిపోయి ఇంటర్ల చేరినంక. ఎందుకు మానేసినవే అంటే చెప్పనీకి నా దగ్గర కథ లేదు, అదే నా ఖర్మ. కథ ఉంటే జనం ఒప్పుకుంటరు. పెంచుకున్న మేకపిల్లను కోసిండ్రని మానేసిన అంటే అయ్యో పాపం అంటరు, ఎవరో స్వామి చెప్పిండంటే దండం పెడ్తరు, డాక్టర్ వద్దన్నడంటే బత్తాయిలు పట్టుకొని చూడనీకి వస్తరు (మా నల్లగొండల బత్తాయిలకు కొదువ లేదు). ఒక ప్రాణాన్ని తినుడు ఇగ నాతోని కాదనిపించింది, నాకు వద్దు, అంతే. ఈ "నాకు వద్దు" అనే మాట మా వాడల ఒక్కరికి ఎక్కలె. కల్వకుర్తి నుంచి మా మేనత్త ఫోన్ చేసి "వదినా, జర బయటికొచ్చి మాట్లాడు" అని మా అమ్మను వాకిట్లకు పిలిచి, "పిల్ల ఎవర్నన్న చూస్కుందా ఏంది, వాళ్లు గిట్ల తిననోళ్లా?" అని అడిగింది. మా చిన్నాయిన ఫోన్ల వీడియోలు చూసి ఖరాబైందని తీర్పు చెప్పిండు. మా నాయిన ఏం అనలె, "ఇగ కిలో ఎందుకు, ముప్పావు తెస్త" అన్నడు, అని కూడ ఆదివారం ఆదివారం కిలోనే తెచ్చిండు. ఆ పావుకిలో నేను ఎట్లనన్న మళ్ల దార్లెకొస్తనని పెట్టుకున్న ఆశ. ఎనిమిది వందలు దాటిన మటన్ మీద ఆశ పెట్టుకునుడు మామూలు సంగతి కాదు, నేనేం తక్కువ చేసి చెప్తలేను.

అట్లని మాకు శాకాహారం తెల్వదా అంటే బ్రహ్మాండంగ తెల్సు. మా అమ్మ సోమవారం ముట్టదు, గురువారం బాబా అని ముట్టదు, శనివారం ఎంకన్న అని ముట్టదు, శ్రావణమాసం వస్తే ఇంట్ల గుడ్డు కూడ కనపడదు. మా చిన్నాయిన ప్రతి ఏడు అయ్యప్ప మాల ఏస్తడు. ఆ 41 రోజులు ఇల్లు కడిగి, వేరే పొయ్యి పెట్టి, వేరే గిన్నెలు దించి, నిన్ను తీస్కపోయి అటక మీద బోర్లేస్తరు, యాదికి ఉందా? అప్పుడు నీ సప్పుడే ఉండదు. పొద్దుగాల్ల లేసి చన్నీళ్లు పోసుకునే మనిషికి ఎంత గౌరవమో, ఆయన పప్పు గిన్నె దగ్గరికి ఈగ పోయినా మా అమ్మ లెంపలు ఏస్కుంటది. మాల తీసిన తెల్లారి నువ్వు అటక దిగి మళ్ల గంజుల దుంకుతవ్. నేను దేవుని పేరు చెప్పకుండ మానేసిన, దాంతోని వచ్చింది తంట. దేవునికి భయపడి కొన్నాళ్లు మానితే దీక్ష, ఎవ్వరికీ భయపడకుండ మొత్తం మానితే పిచ్చి.

ఇగ నీ సంగతికి వస్త. మా అమ్మ పెండ్లిల ఎవరో చదివించిన స్టీల్ గంటెవు నువ్వు. కాడ మీద చుక్కలు చుక్కలుగ కొట్టిన పేరు ఉండె, సగం అరిగిపోయి ఇప్పుడు "య్య దంపతులు" అని మాత్రం మిగిలింది, ఏ అయ్య దంపతులో మా అమ్మకు కూడ గుర్తు లేదు. అడుగు గీకి గీకి నీ మూతి ఒక దిక్కు వంకర పోయింది. మూతికీ కాడకూ అతుకు పెట్టినకాడ ఒక సందు ఉంటది, నీ ఆస్తి అంత అండ్లనే దాస్తవ్, మసాల, కొత్తిమీర, ఒక్కోసారి దారప్పోగంత పీచు. నువ్వు పప్పుల దిగంగనే ఆ సందుల నుంచి నూనె బయల్దేరి, పచ్చటి పప్పు మీద ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే తేలి, గిన్నె అంచు పొంటి జమైతయి. నేను వేలు పెట్టి చూపిస్తే మా అమ్మ వంగి చూసి, "పోపు నూనె బిడ్డా" అంటది. పోపుల లవంగం ఎట్లొచ్చిందే అమ్మా అంటే, "నీకు అన్నీ కావాలె" అని లేసి పోతది.

మొదట్ల అయితే ఇంకా అన్యాయం. "ముక్కలన్ని ఏరేసిన, ఉత్త సూపే, సూప్‌ల ఏముంటది?" అని నిన్ను నా కంచం మీదికి తోలేది. మటన్ల ఉడికిన ఆలుగడ్డను కడిగి తెచ్చి పెట్టి, ఆలుగడ్డ భూమిల కాయదా, యాట కడుపుల కాస్తదా అని మా నాయనమ్మ లాజిక్. పుంటికూర మటన్ వండిననాడు పుంటికూర వరకు తిను అంటరు. డిండి ప్రాజెక్టు చేపలు వచ్చిననాడు చేప నీసు కాదు అంటరు. గుడ్డు సంగతి ఇగ చెప్పనే వద్దు, మా ఇంట్ల గుడ్డు కూరగాయల లెక్కనే, సంతల టమాటల పక్కన అమ్ముతరు కాబట్టి.

దుకాణంల రెండు రూపాయల బిస్కెట్ పుడకు కూడ ఆకుపచ్చ చుక్క ఉంటది, ముక్క కలిసిన వాటికి గోధుమ రంగు త్రికోణం ఉంటది, ప్యాకెట్ చూసి తెల్వదు అనేటోడు లేడు. నీ కాడ మీద మాత్రం య్య దంపతులు.

నీ పొగరు ఊరికే రాలె, అది నాకు తెల్సు. 2014ల కేంద్రం చేయించిన సర్వేల పదిహేనేండ్లు దాటినోళ్లను లెక్కపెడ్తే, తెలంగాణల నూటికి 98 మందికి పైనే మాంసం తినేటోళ్లు, దేశంలనే ఫస్ట్. 2019 పశుగణనల మన దగ్గర గొర్లు 1 కోటి 90 లక్షలు, అండ్ల కూడ మనమే ఫస్ట్. అంతకు రెండేండ్ల ముందే సర్కారు 75 శాతం సబ్సిడీ ఇచ్చి ఇంటికి 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున పంచుడు షురూ చేసింది. గొర్లు కాసేటోళ్ల బతుకు అది, వాళ్ల మీద నాకేం కోపం లేదు, మా వాడల సగం పిల్లల ఫీజులు గొర్ల మీదనే కట్టిండ్రు. నేను చెప్పేది ఏందంటే నీ ఎనుక అంత పెద్ద రాజ్యం ఉన్నది, నా ఎనుక గిన్నెడు పప్పు ఉన్నది, నువ్వు ఆ గిన్నెను కూడ వదుల్తలేవు.

దావత్‌లకు పోతే నా బతుకు చూడాలె. బగార అన్నం పెట్టి, కూర బకెట్ పట్టుకొని వచ్చే పిలగాడు నేను చెయ్యి అడ్డం పెట్టంగనే ఆగి, వెనుకకు తిరిగి, షామియానా మొత్తం ఇనపడేటట్టు "అన్నా, ఈడ వెజ్ ఒకటుంది!" అని ఒర్లుతడు. బంతి మొత్తం తలకాయలు తిప్పి చూస్తది. పక్కన కూసున్న పెద్దమ్మ బోటి నములుకుంట "షుగరా బిడ్డా?" అని అడుగుతది, కాదంటే "మల్ల గ్యాసా?" అంటది. ఇంకొకామె "ఇట్లయితే రేపు కాన్పుకు బలం ఎక్కడిది" అని నా పెండ్లి కూడ కాకముందే నా పురిటి దాక పోయింది. అమ్మా, కందిపప్పు వంద గ్రాములల్ల ప్రోటీన్ 20 గ్రాములకు పైనే ఉంటది, మన తాండూరు కందిపప్పుకు 2022ల ఊరి పేరు మీద ఇచ్చే జీఐ గుర్తింపు కూడ వచ్చింది, బీ12 విటమిన్ కోసం పాలు పెరుగు తింటున్న అని చెప్పిన. ఆమె అంతా ఇని, మూలుగ బొక్క టకటక కంచానికి కొట్టి, "దీంట్ల ఉన్నది దాంట్ల ఉంటదా" అన్నది. బొక్క దిక్కు చూస్తే ఆమె మాటనే గెలిచినట్టు ఉండె.

మా పాత నల్లగొండ జిల్లాల దేవుళ్లన్న నయం. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకోసారి అయితది, లారీలకు లారీలు జనం పోతరు. ఆడ లింగమంతుల సామి శాకాహారి, ఆయనకు నీసు పెట్టరు, పక్కనే చౌడమ్మ తల్లికి యాటలు కోస్తరు. ఇద్దరూ ఒక్క గట్టు మీదనే ఉంటరు. ఎన్ని తరాల నుంచి చేస్తున్నరు ఆ జాతర, ఒక్కరన్న సామి దగ్గరికి పోయి "షుగరా సామీ?" అన్నరా? ఉత్త సూపన్న తాగు అన్నరా? ఒక్క గట్టు మీద కుదిరినప్పుడు ఒక్క పొయ్యి మీద ఎందుకు కుదరదని మా చిన్నాయినను అడిగితే, "ఆయన దేవుడే, నువ్వు ఇంటర్ ఫస్టియర్" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేకుండె.

ఇదంత ఇని నేను నీకు ఎదురు పార్టీల చేరిన అనుకోకు. డిగ్రీకి హైదరాబాద్ పోయి రూము ఎతికినప్పుడు ఆ పార్టీని కూడ చూసిన. గేటుకు "ఓన్లీ వెజిటేరియన్స్" బోర్డు. నేను తిన అంటే ఓనరమ్మ మొఖం ఇంతైంది, మంచి పిల్లవమ్మా అన్నది, అనుకుంటనే ఊరేది, మీరేమిట్లు, ఇంటిపేరేంది, అమ్మ వాళ్లు తింటరా, వచ్చినప్పుడు ఏం తెస్తరు అని అడుగుడు షురూ చేసింది. ఆమెకు నా కంచంల ఏముందో అక్కర లేదు, నేను ఎవరి బిడ్డనో కావాలె. మా అమ్మ తెచ్చే డబ్బాల మక్క గారెలు ఉన్నా ఆమె మూత తీసి వాసన చూస్తదని అర్థమైంది, ఆ మెట్లు అట్లనే దిగొచ్చిన. చికెన్ పకోడి బండి పైన ఉన్న రూముల చేరిన, పొగ వస్తది గాని మా అమ్మ వస్తే ఎవ్వరు సంచి తీయమనరు.

అందుకే అసలు సంగతి చెప్పనీకి జర ఇబ్బందిగుంది. సెలవులల్ల ఇంటికొచ్చి, పప్పు కోసం నాకు ఒక గంటె, ఒక గిన్నె వేరే పెట్టుండ్రి అని అడిగిన. మా అమ్మ సరే అనబోయింది. మా నాయనమ్మ గోడకు ఆనుకొని కూసున్నది, ఒక్కసారి లేసి నిలబడ్డది. ఆమె చిన్నప్పుడు ఊర్లె హోటల్ల మాకు చాయ్ గ్లాసు వేరే, గుంజకు తలిగేసి ఉండేది, తాగి మేమే కడిగి మళ్ల తలిగెయ్యాలె, దొర ఇంట్ల నీళ్లు అడిగితే దోసిట్ల పైనుంచి పోసేటోళ్లు. "వేరే గ్లాసు, వేరే గిన్నె అన్నీ చూసొచ్చిన నేను. నా ఇంట్ల ఒక్క గంజు, ఒక్క గంటె అని చేస్కున్న. ఇప్పుడు నా మనుమరాలే నా గంటె ముట్ట అంటదా?" అన్నది. అరిచి కాదు, మామూలుగనే అన్నది. నేను అడిగింది అది కాదు నాయనమ్మా, నాకు నువ్వు ముట్టిన పప్పే కావాలె, యాట ముట్టిన పప్పు వద్దు అన్న. ఆమె జరసేపు నా మొఖం చూసి, "యాట ఏడ ముట్టిందే, అది ఎప్పుడో పాయె" అన్నది. మా నాయిన నవ్విండు, మా అమ్మ నవ్వింది, నేను నవ్వలే అనుకున్న గాని నవ్విన.

మా ఇంట్ల ఎవరు చెప్పినా తెగని పంచాయితీ ఆఖరికి ఆమెనే తెంపింది. గంటె ఒక్కటే ఉంటది, అది మారదు, వరుస మారుతది. ముందుగాల్ల పప్పుల దిగాలె, పిల్ల పెట్టుకున్నంక కూరల దిగాలె. అరిటాకులు పరిచినప్పుడు లేని వరుస ఇప్పుడెందుకే అని మా చిన్నాయిన అన్నడు గాని నాయనమ్మ మాటకు అప్పీలు లేదు.

కాబట్టి గంటె, నీకు ఇది నోటీసు అనుకో. ఒక వారం బానే ఉన్నవ్. ఇయ్యాల పొద్దున మా చిన్నాయిన మటన్ పెట్టుకొని, అండ్లకు జర పప్పు కలుపుకుంటే మంచిగుంటదని నిన్ను అట్లనే ఎత్తి పప్పు గిన్నెల దించిండు, నేను ఇంకా మారు కూడ పెట్టుకోలె. తప్పు ఆయనదే, నీకు కాళ్లు లేవని నాకు తెల్సు, కని ఆయన చిన్నాయిన, ఆయనను అనలేను, నిన్ను అనగల్గుత. వచ్చే దసరాకు మేనత్త వాళ్లు, బావ వాళ్లు అందరు దిగుతరు, యాట పోగు రెండు కిలోలు చెప్పిండ్రంట, జమ్మి పెట్టి వచ్చేసరికి అందరికి ఆకలి, వరుస గిరుస ఎవ్వరు చూడరు. ఆనాడు పప్పు గిన్నె నా ఒళ్లె ఉంటది. మీద తపుకు మూసి, తపుకు మీద చెయ్యి పెట్టి కూసుంట. నా మారు అయ్యేదాక నువ్వు గంజుల ఈదుకో, దావత్ చేస్కో, ఇటు దిక్కు వస్తే మాత్రం చిన్నాయిన చేతిల ఉన్నా సరే వేళ్ల మీద కొడ్త.

ఇట్లు,
పప్పు గిన్నె కావలి