ఏ వయసులో చదివారు?

ఒక నవల వచ్చి 15 ఏళ్లు దాటాక కూడా పాఠకులు దాని మీద కొట్లాడుకుంటున్నారంటే, ఆ కొట్లాటను పట్టించుకోవాల్సిందే. అమెరికన్ రచయిత లెవ్ గ్రాస్‌మన్ రాయగా 2009లో వచ్చిన ‘ద మెజీషియన్స్’ అలాంటి నవల. ఇష్టపడ్డవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకుంటారు. నచ్చనివాళ్లు సగంలో మూసేసి, మూసేసిన సంగతి పదిమందికీ చెబుతారు. ఆ రెండు వర్గాల మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే మాకు ఒక విషయం తట్టింది. వాళ్లు చాలాసార్లు ఒకే పేజీ గురించి, ఒకే సన్నివేశం గురించి మాట్లాడుతున్నారు. తేడా ఎక్కువగా వాళ్లు దాన్ని చదివిన వయసులో ఉంది. ఆ వయసునే చాలామంది రాయరు.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్వెంటిన్ కోల్డ్‌వాటర్ బ్రూక్లిన్ కుర్రాడు. 17 ఏళ్లు. చదువులో ముందుంటాడు, దేనికీ సంతోషపడడు. చిన్నప్పుడు చదివిన ఫిల్లరీ అనే మాయాలోకపు కథలే అతనికి దిక్కు. అనుకోకుండా బ్రేక్‌బిల్స్ అనే రహస్య మంత్రవిద్యా కళాశాలలో సీటు దొరుకుతుంది. ఐదేళ్ల చదువు. ఆ తర్వాత ఫిల్లరీ కూడా నిజంగానే ఉందని తేలుతుంది. అంటే ఆ కుర్రాడు కోరుకున్నవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేతికొస్తాయి, సంతోషం తప్ప. ఈ నవల చీకటి అక్కడ మొదలవుతుంది. కథలో ఒక రాక్షసుడూ ఉన్నాడు కానీ, వాడు తెచ్చే భయం దాని తర్వాతి మాట.

ఈ కథలో మంత్రవిద్య అంటే ఒళ్లు హూనమయ్యే చదువు. వేళ్లు నొప్పి పుట్టేదాకా ముద్రలు సాధన చేయాలి. పాత భాషలు నేర్వాలి. చంద్రుడు ఏ కళలో ఉన్నాడో, దగ్గర్లో నీరు ఎక్కడుందో చూసుకుని ప్రతి మంత్రాన్నీ సరిదిద్దుకోవాలి. నాలుగో ఏడు విద్యార్థుల్ని అంటార్కిటికా పంపి, నోరెత్తకుండా నెలల తరబడి అదే సాధన చేయిస్తారు. ఒకరోజు క్లాసులో క్వెంటిన్ చేసిన ఆకతాయి పని వల్ల తోటి విద్యార్థిని ప్రాణం పోతుంది. ఆ తప్పు తనదని తెలిసీ అతను బయటపెట్టడు. చదువయ్యాక ఆ పట్టభద్రులంతా మన్‌హాటన్‌లో డబ్బుకు లోటు లేకుండా, చేయడానికి పని లేకుండా తాగుతూ రోజులు గడిపేస్తారు. చాలామంది పాఠకులు పుస్తకం కింద పెట్టేసేది ఈ అధ్యాయాల దగ్గరే.

హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో, చివరిది 2007లో వచ్చాయి. 1997లో 11 ఏళ్లున్న పాఠకుడికి 2009 నాటికి 23. కళాశాల దాటి, ఉద్యోగమో నిరుద్యోగమో చూస్తున్న వయసు. హ్యారీకి వచ్చినట్టే మంత్రవిద్యా పాఠశాల నుంచి నాకూ ఉత్తరం వస్తుందని ఎదురుచూసి, రాదని అర్థం చేసుకున్న తరం అది. గ్రాస్‌మన్‌కు అప్పటికి 40. ఆయన కల్పించిన ఫిల్లరీ వెనక 1950 నుంచి 1956 దాకా సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం రాసిన నార్నియా కథల నీడ స్పష్టంగా కనబడుతుంది. ఉత్తరం వచ్చి ఉంటే నీ బతుకు బాగుపడేదా అని ఈ నవల ఆ తరాన్ని సూటిగా అడిగింది. 23 ఏళ్ల పాఠకుడికి అది గుండెలో గుచ్చుకునే ప్రశ్న. 14 ఏళ్ల పాఠకుడికి అది ఇంకా కలలోనే ఉన్నవాడిని లేపి దెబ్బ కొట్టినట్టుంటుంది. ఇద్దరికీ ఒకే రకం స్పందన ఎలా వస్తుంది?

విద్యకు మూల్యం చెల్లించే కుర్రాడి కథ మనకు కొత్తది కాదు. భారతంలో కచుడు మృతసంజీవని నేర్చుకోవడానికి శత్రువుల గురువైన శుక్రుడి దగ్గరికి వెళ్లాడు. అసురులు అతన్ని చంపి, కాల్చి బూడిద చేసి, ఆ బూడిదను మద్యంలో కలిపి గురువుకే తాగించారు. గురువు కడుపులో ఉండే విద్య నేర్చుకుని, ఆ కడుపు చీల్చుకుని బయటికొచ్చి, తిరిగి గురువును బతికించాడు. ఇంతా చేస్తే ప్రేమను కాదన్నందుకు దేవయాని శాపం పెట్టింది: ఆ విద్య నీకు ఫలించదని. నాకు ఫలించకపోయినా నేను నేర్పినవాడికి ఫలిస్తుందిలే అని కచుడు వెళ్లిపోయాడు. ఈ కథను చిన్నప్పుడు విన్నవాళ్లకు బూడిదా మద్యమూ గుర్తుండిపోతాయి. పెద్దయ్యాక విన్నవాళ్లకు శాపం గుర్తుంటుంది. చెప్పినవాడు కథ మార్చలేదు కదా.

నవల మీద ఎక్కువగా వినబడే ఫిర్యాదు హీరో గురించే. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, తెలివి, డబ్బు, మంత్రశక్తి, ప్రేమించే ఆలిస్ అన్నీ ఉండి కూడా ఏడుస్తూనే ఉండేవాడితో 400 పేజీలు ఎలా గడపాలని పాఠకులు అడుగుతారు. మా దృష్టిలో ఈ ఫిర్యాదులో నిజం ఉంది. క్వెంటిన్ స్వార్థపరుడు. ఆలిస్‌ను మోసం చేస్తాడు. తన బాధకు పక్కవాళ్లను బాధ్యుల్ని చేస్తాడు. అతని మీద విసుగు పుట్టిన పాఠకుడు నవలను తప్పుగా చదవలేదు, సరిగ్గానే చదివాడు. ‘నీకు అర్థం కాలేదు’ అని అలాంటివాళ్ల నోరు మూయించడం అభిమానులు మానుకోవాలి. పుస్తకం నచ్చకపోవడాన్ని తెలివితక్కువతనంగా చూడటం ఏ పుస్తకానికీ గౌరవం తెచ్చిపెట్టదు.

రెండోవైపు మాట కూడా అంతే శ్రద్ధగా వినాలి. డిప్రెషన్‌తో బతికిన పాఠకులు కొందరు ఈ కుర్రాడిలో తమను చూసుకున్నామని చెబుతారు. ఆనందించే శక్తే తగ్గిపోవడం ఆ జబ్బు ముఖ్య లక్షణాల్లో ఒకటి. బయట ఏం సాధించినా లోపల ఏదీ అంటదు. ‘నీకేం తక్కువ?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉంటారు, జవాబు ఉండదు. ఆ జవాబు లేనితనాన్ని కోట, మాట్లాడే జంతువులు, సింహాసనం ఇచ్చి కూడా పోగొట్టలేమని చూపించిన పుస్తకం వాళ్లకు ఎంత అవసరమో అలాంటి అనుభవం లేనివాళ్లు ఊహించుకోవడం కష్టం. ‘ఏడుపుగొట్టు హీరో’ అని కొట్టిపారేసే ముందు ఒక్క క్షణం ఆగమని మేము అడిగేది అందుకే. క్వెంటిన్‌ను క్షమించమని అడగడం లేదు. నవల కూడా అతన్ని తేలిగ్గా క్షమించదు.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ నవల ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968లోనే వచ్చింది. అందులో గెడ్ అనే కుర్ర మాంత్రికుడు పొగరుకు పోయి చచ్చిపోయిన ఆత్మను పిలుస్తాడు. దాంతోపాటు ఒక నీడ ఈ లోకంలోకి జారి పడుతుంది. దాన్ని ఆపడంలో ముసలి ప్రధాన మాంత్రికుడు ప్రాణం వదులుతాడు. గెడ్ ముఖం మీద మచ్చ జీవితాంతం ఉండిపోతుంది. చివరికి అతను ఆ నీడకు తన పేరే పెట్టి పిలుస్తాడు. అక్కడ తప్పుకీ ఒప్పుకోలుకీ మధ్య దారి తిన్నగా ఉంటుంది. గ్రాస్‌మన్ ఆ దారిని మూడు పుస్తకాల దూరం సాగదీశారు. రెండోది 2011లో, మూడోది 2014లో వచ్చాయి. మూడో పుస్తకంలో క్వెంటిన్ 30కి దగ్గరపడ్డ మనిషి. తాను చదివిన చోటే పాఠాలు చెబుతాడు, తండ్రిని పోగొట్టుకుంటాడు, ఓర్పు నేర్చుకుంటాడు. మూడూ చదివినవాళ్లు అతని మీద కొంచెం మెత్తబడటం సహజం. అయితే ‘మూడూ చదివాకే మాట్లాడు’ అనే వాదనను మేము ఒప్పుకోం. మొదటి పుస్తకం ఒక నవలగా అచ్చయింది. దాన్ని ఒక నవలగా తూచే హక్కు పాఠకుడికి ఉంది.

అమ్మాయిల పాత్రల గురించి పాఠకులు, ముఖ్యంగా పాఠకురాళ్లు, ఎత్తిన అభ్యంతరం అన్నిటికన్నా బరువైనదని మా అభిప్రాయం. ఆలిస్ క్వెంటిన్ కన్నా గొప్ప మంత్రవేత్త. అయినా మొదటి నవలలో పెద్ద మూల్యం చెల్లించేది ఆమె, దాని నుంచి పాఠం నేర్చుకునేది అతను. ఇక జూలియా. బ్రేక్‌బిల్స్ ప్రవేశ పరీక్షలో తప్పి, ఆ జ్ఞాపకాన్ని చెరిపేయాలని చూసినా చెరగక, బయట దొంగచాటుగా మంత్రం నేర్చుకున్న పిల్ల. సీటు దొరికినవాడి దిగులు కన్నా దొరకని పిల్ల ఆకలి చాలా పెద్ద కథ. మొదటి నవల ఆమెను అంచున నిలబెట్టింది. రెండోది ఆమె కథ చెప్పింది కానీ అందులో ఆమె మీద జరిగే లైంగిక దాడి సన్నివేశం ఎంతోమందిని గాయపరిచింది. 2015 చివర్లో మొదలై 2020 దాకా నడిచిన టీవీ సిరీస్ మాత్రం జూలియా కథను మొదటి నుంచే క్వెంటిన్ కథకు సమానంగా నడిపింది. కథలో బలం ఎక్కడుందో ఈ పాఠకురాళ్లు సరిగ్గానే పట్టుకున్నారని అది చూస్తే అర్థమవుతుంది.

ఆ లైంగిక దాడి సన్నివేశం గురించి ముందే హెచ్చరిస్తూ రాసేవాళ్లను ‘కథ చెప్పేసి పాడుచేశారు’ అని తిట్టడం మాకు బాధ కలిగిస్తుంది. ఏం జరుగుతుందో మొత్తం చెప్పనక్కర్లేదు. ఇలాంటిది ఉందని ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యం ఒక మనిషికి నిద్ర లేని రాత్రి తప్పించవచ్చు. మంత్రం, కళాశాల అనే మాటలు చూడగానే పిల్లల పుస్తకం అనుకుని 12 ఏళ్ల పిల్లల చేతిలో పెట్టే పెద్దలూ ఉన్నారు. ‘ద మెజీషియన్స్’ పెద్దల కోసం రాసిన నవల. మద్యం, శృంగారం, చావు అందులో దాపరికం లేకుండా ఉంటాయి. ప్రచురణకర్తలు, గ్రంథాలయాలవాళ్లు ఆ సంగతి కనిపించేలా చెప్పాలి. నిషేధాలు, అలమరాలకు తాళాలు అవసరం లేదు. చెప్పి ఇస్తే చాలు.

ఇదే గొడవ వేరే భాషలోనూ కనిపిస్తుంది. మరీనా, సెర్గీ డ్యాచెంకో దంపతులు రష్యన్‌లో రాసిన ‘విటా నోస్ట్రా’ 2007లో వచ్చింది, ఇంగ్లిష్‌లోకి 2018లో వెళ్లింది. సాషా అనే అమ్మాయిని భయపెట్టి ఒక వింత విద్యాసంస్థకు రప్పిస్తారు. చదువులో వెనకబడితే శిక్ష ఆమెకు కాదు, ఆమె ఇంట్లోవాళ్లకు పడుతుంది. పరీక్షల టెన్షన్‌లో ఉన్న వయసులో ఈ నవల చదివితే గురువులంతా రాక్షసుల్లా కనిపిస్తారు. పిల్లలున్న వయసులో చదివితే కూతురికి ఏమవుతోందో తెలియని ఆ తల్లి మీదికే కళ్లు పోతాయి.

అందుకే మేము పాఠకుల్ని ఒకటి అడుగుతున్నాం. ఇలాంటి నవల మీద అభిప్రాయం రాసేటప్పుడు, ఎన్ని నక్షత్రాలిచ్చినా సరే, ఏ వయసులో చదివారో ఒక్క మాట చేర్చండి. అప్పుడు మీరు చదువుకుంటున్నారా, ఉద్యోగం వెతుక్కుంటున్నారా, ఎవరినైనా పోగొట్టుకుని ఉన్నారా, చెప్పాలనిపిస్తే అదీ రాయండి. మీ తర్వాత ఆ పుస్తకం తీయబోయే మనిషి తన వయసును మీ వయసు పక్కన పెట్టి చూసుకుంటాడు. ఇప్పుడు చదవాలా, ఇంకో ఐదేళ్లు ఆగాలా అని నిర్ణయించుకుంటాడు. మీకే ఎప్పుడైనా ఆ నవల మళ్లీ చేతికొచ్చి మనసు మారితే, పాత అభిప్రాయాన్ని చెరిపేయకండి. దాని కిందే కొత్తది రాసి, రెండు వయసులూ వేయండి.