వెంకట్లందరికీ ఒకటే తాళంచెవి

మరిచిపోయిన పాస్‌వర్డ్‌ను తిరిగి తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు ఈ దేశంలో దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నా ఫిర్యాదు. పురోహితుడికి మన గోత్రం తెలుసు, పెళ్లిళ్ల పేరయ్యకు మన ఆస్తి తెలుసు, కిరాణా కొట్టు శెట్టిగారికి మన బాకీ తెలుసు. రికవరీ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మనం ఎవరి పేరు తలుచుకుని రహస్యాలు దాచుకుంటామో తెలుసు. అయినా ఇంతవరకూ దానికి ఒక శాలువా కప్పినవారు గానీ, ఒక కొబ్బరికాయ కొట్టినవారు గానీ లేరు.

దాని పనితీరు గురించి జనంలో ఉన్న అపోహ ముందుగా తొలగించాలి. కంప్యూటర్ లోపల ఎక్కడో దాక్కున్న పాస్‌వర్డ్‌ను అది జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చుకొస్తుందని చాలామంది అనుకుంటారు. సరిగ్గా కట్టిన వ్యవస్థలో ఈడ్చుకురావడానికి లోపల పాస్‌వర్డే ఉండదు. మనం ఇచ్చినదాన్ని హ్యాష్ అనే మరలో వేసి పిండి పట్టించి, ఆ పిండిని మాత్రమే డబ్బాలో దాచుకుంటారు. పిండిని మళ్లీ బియ్యం చేసే మిల్లు ఏ ఊళ్లోనూ లేదు. మనం లాగిన్ అయిన ప్రతిసారీ తెచ్చిన బియ్యాన్ని అదే మరలో ఆడించి, రెండు పిండ్లూ ఒకటేనా అని చూసి లోపలికి పంపిస్తారు. రికవరీ సాఫ్ట్‌వేర్ చేసేది కూడా అదే పని, కాకపోతే అలుపు లేకుండా చేస్తుంది: దొరికిన బియ్యమల్లా తెచ్చి ఆడించి, డబ్బాలోని పిండితో సరిపోయిందాకా పోలుస్తూ పోతుంది. అంటే అది తాళం పగలగొట్టే దొంగ కాదు, ఓపిక గల పిండిమర గుమాస్తా.

అన్ని రకాలూ ఆడించాలంటే ఆ గుమాస్తాకైనా ప్రాణం మీదికి వస్తుంది. ఇంగ్లీషు చిన్నక్షరాలతో మాత్రమే కట్టిన 8 అక్షరాల పాస్‌వర్డ్‌లు 20,882 కోట్లకు పైగా ఉంటాయి. పెద్దక్షరాలు, అంకెలు, చిహ్నాలు కూడా కలిపితే అవి 6,634 లక్షల కోట్లు దాటుతాయి. ఇంత పెద్ద లెక్క ముందు పెట్టుకుని అది ఒకసారి మన ముఖం వంక చూస్తుంది. చూడగానే దానికి ధైర్యం వస్తుంది.

ఆ ధైర్యానికి ఆధారాలు పాతవే. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడేవారి నుంచి పోగైన 3,289 పాస్‌వర్డ్‌లను కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ పరిశీలించి 1979లో అచ్చువేసిన లెక్క ప్రకారం, వాటిలో 86 శాతం మరీ పొట్టివో, నిఘంటువుల్లోనో పేర్ల జాబితాల్లోనో దొరికేవో. అందులో 15 పాస్‌వర్డ్‌లు ఒకే ఒక్క అక్షరం. వాటి యజమానులు ఏకాక్షర మంత్రోపాసకులై ఉంటారని నేను గౌరవంగా భావిస్తున్నాను. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా పిండి వేరుగా కనిపించేలా ఒక్కొక్కరి బియ్యంలో ఒక్కో రకం ఉప్పు కలిపి ఆడించాలని కూడా వారే చెప్పారు, సాంకేతికులు ఈనాటికీ దాన్ని సాల్ట్ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ల తరవాత, 2009లో, రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. ఉప్పు మాట దేవుడెరుగు, ఆ సంస్థ అసలు మరాడించనే లేదు, బియ్యాన్ని బియ్యంగానే గుమ్మంలో ఆరబోసుకుంది. అందులో సుమారు 2 లక్షల 90 వేల మంది పాస్‌వర్డ్ 123456. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే మిగిలిన 1 కోటి 43 లక్షల మాటల జాబితాయే ఈ వృత్తికి పెద్దబాలశిక్ష అయింది. జాన్ ది రిప్పర్, హ్యాష్‌క్యాట్ వంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌లు వాడేవారు ముందు దాన్నే వల్లె వేయిస్తారు.

మనం మాత్రం తెలివి తక్కువవాళ్లమా? మాటలో మొదటి అక్షరం పెద్దది చేస్తాం, చివర 1 తగిలిస్తాం, ‘ఏ’ బదులు ఈమెయిలులో వాడే ఆ సున్నా చుట్టిన గుర్తు పెడతాం, ఇంకా భయం ఉంటే ఆశ్చర్యార్థకం చేరుస్తాం. ఈ నాలుగు జాగ్రత్తలూ ఆ సాఫ్ట్‌వేర్‌లో ‘రూల్స్’ అనే పేరుతో ముందే రాసి ఉంటాయి. పెద్దక్షరం, అంకె, చిహ్నం తప్పనిసరి అనే ఆచారానికి మూలపురుషుడు అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసిన బిల్ బర్. 2003లో మార్గదర్శకాలు రాసిన ఆయనే, అప్పుడు చెప్పినదానిలో చాలాభాగం తప్పని 2017లో పశ్చాత్తాపపడ్డారు. అదే ఏడాది ఆ సంస్థ కూడా ఊరికే గడువు పెట్టి పాస్‌వర్డ్‌లు మార్పించవద్దని చెప్పింది. మూలపురుషుడు మనసు మార్చుకున్నంత మాత్రాన సంప్రదాయం మారాలని ఎక్కడుంది? నేను పనిచేసే చోట 90 రోజులకోసారి పాస్‌వర్డ్ మారుస్తారు, నా చివరి అంకె ఇప్పుడు 27కు చేరింది.

ఇంత చెప్పాక, మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక సౌకర్యాన్ని ప్రస్తావించకపోతే అన్యాయం అవుతుంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఇంగ్లీషు పేరులోని మొదటి 4 పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం అని ఇచ్చేవారే చెబుతారు. ఒక బ్యాంకు నాకు నెలనెలా పంపే స్టేట్‌మెంటుకు పేరులో 4 అక్షరాలు, పుట్టిన తేదీ, నెల. ఆ సూత్రం కూడా అదే మెయిలులో, తాళానికి తాళంచెవిని దారంతో కట్టి పంపినట్టు ఉంటుంది. ఇప్పుడు వెంకటేశ్వరరావు, వెంకటరమణ, వెంకటలక్ష్మి, వెంకయ్య, వెంకాయమ్మ గార్లను వరుసగా నిలబెట్టండి. అందరికీ మొదటి నాలుగూ వి, ఇ, ఎన్, కె. పుట్టిన సంవత్సరం కోసం నూరేళ్లు వెతికినా నూరు ప్రయత్నాలు, తేదీ కోసమైతే 366. అందులోనూ మా పెద్దల తరంలో బడిలో వేయడానికి తీసుకెళ్లినప్పుడు పంతులుగారు చేతికందిన తేదీ వేసేవారు, అది చాలామందికి జులై 1 అయింది. ఏడుకొండలవాడి దయ వల్లా, హెడ్మాస్టరుగారి చేతి చలవ వల్లా, ఒక తరానికి తరం మొదటి ప్రయత్నంలోనే తెరుచుకుంటుంది.

‘ఈ ఫైలు నాదే’ అనే గడిలో టిక్కు పెట్టించుకుని కొన్ని సాఫ్ట్‌వేర్‌లు పని మొదలుపెడతాయి. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా ఉన్నాయి కాబట్టి దొంగ ఆ గడి దగ్గరే ఆగి, సిగ్గుపడి, వెనక్కి వెళ్లిపోతాడని నమ్మకం.

నా గౌరవం పుస్తకజ్ఞానంతో వచ్చింది కాదు. పోయిన మాఘమాసంలో మా మామగారు ఫోన్ చేసి, “అల్లుడుగారూ, చదివింపుల ఫైలు తెరుచుకోవడం లేదండీ, ఎల్లుండే బంధువులింట్లో పెళ్లి,” అన్నారు. వెనకటి మా బావమరిది పెళ్లిలో ఎవరు 1,116 చదివించారో, ఎవరు స్టీలు బిందెతో సరిపెట్టారో ఆయన ఎక్సెల్‌లో రాసుకుని, బంధువుల కంట పడకుండా తాళం వేశారు. ఎక్సెల్‌లో షీటుకు మాత్రమే వేసే తాళం గడప మీద గీసిన ముగ్గులాంటిది, దాటేయవచ్చు. ఫైలుకే వేసినది అలా కాదు, కొత్త రకం ఫైలైతే ఒక్కో ఊహనూ లక్షసార్లు మరాడించి గానీ అవునో కాదో చెప్పదు. నా ల్యాప్‌టాప్‌కు కోట్ల మాటల జాబితా, దానికి రూల్స్ అన్నీ జతచేసి ఇస్తే పెళ్లి కాదు, ఆ దంపతుల షష్టిపూర్తి కూడా దాటిపోతుంది. అందుకని ఆయన్నే తలుచుకున్నవి తలుచుకున్నట్టు కాగితం మీద రాయమన్నాను.

భోజనాల బల్ల దగ్గర కూర్చుని 43 మాటలు రాశారు. నేను వాటిని ఎక్కించి, రూల్స్ జతచేసి, మీట నొక్కాను. వంటింట్లోంచి అత్తగారు, “ఏవండీ, నా పేరు పెట్టి చూశారా?” అన్నారు. “మొట్టమొదట అదే రాశాను కదే,” అన్నారు మామగారు, కాగితాన్ని మెల్లగా తిరగేస్తూ. 20 నిమిషాలకు ఫైలు తెరుచుకుంది. పాస్‌వర్డ్ ఏపీ 16తో మొదలయ్యే నంబరు, ఎప్పుడో అమ్మేసిన చేతక్ స్కూటరుది. కాఫీ గ్లాసు పెట్టడానికి వచ్చిన అత్తగారు కాగితం తీసి చూశారు. స్కూటరు మూడోది. ఆవిడ పేరు ముప్పై ఒకటోది, పక్కింటి కుక్క పేరు తరవాత.

ఆ సాయంత్రమే మామగారు పాస్‌వర్డ్ మార్చారు. అత్తగారి పేరు, మొదటి అక్షరం పెద్దది, చివర 1. ఆ సంగతి హాల్లోంచి వంటింటికి వినబడేలా నాతో రెండుసార్లు చెప్పి, మళ్లీ మరిచిపోకుండా గోడ క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన, ఎర్ర సిరాతో రాసిపెట్టారు.