ఎస్‌ఎంపీఎస్ చచ్చేదాకా ఆగుదామనేవాళ్లకు

మన పర్లాకిమిడిలో డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, ఆన్‌లైన్ ఫారాలు నింపే కొట్లు నడిపేవాళ్లను చూస్తూనే ఉంటాను. ర్యామ్ పెంచుతారు, ఎస్‌ఎస్‌డీ వేయిస్తారు, మానిటర్ పెద్దది కొంటారు. గోడ కరెంటును మార్చి కంప్యూటర్ భాగాలన్నిటికీ అందించే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఎప్పుడో కేబినెట్‌తో పాటు వచ్చిందే. అడిగితే "నడుస్తోంది కదా బావా, దాన్నెందుకు కెలకడం" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నడుస్తోంది నిజమే. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది. కానీ లోపల కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచి నిలకడగా అందించే భాగాలు) ఎండిపోతుంటే పైకి ఏమీ కనబడదు. వాటి ఆయుష్షుకు ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు వస్తుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు కొట్టు తెరిస్తే పదేళ్ల పైమాటే. అదే చవక రకం, ఆ 2,000 గంటలే 85 డిగ్రీల దగ్గర అని రాసి ఉన్నది వేశారనుకోండి, అదే వేడిలో 8,000 గంటలు. మూడేళ్లు కూడా నిండవు. ఇక రేకుల షెడ్డు కింద, మే నెలలో, దుమ్ముతో మూసుకుపోయిన కేబినెట్‌లో లోపల ఎంత వేడి ఉంటుందో మీరే ఊహించుకోండి.

"నాది 80 ప్లస్ గోల్డ్" అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఆ ముద్ర చెప్పేది గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతుందన్న సంగతి. ఎన్నేళ్లు బతుకుతుందో అది చెప్పదు. పైగా ఆ పరీక్ష చేసేది సుమారు 23 డిగ్రీల గదిలో. మన ఊళ్లో ఆ చల్లదనం దొరికేది ఏ డిసెంబరు రాత్రో!

పైనుంచి మన కరెంటు సంగతి. సాయంత్రం వోల్టేజీ పడిపోతే, అవే వాట్లు ఇవ్వడానికి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ ఆంపియర్లు లాగాలి, ఇంకా వేడెక్కాలి. ఉరుములు, మెరుపులు వచ్చినప్పుడల్లా లోపలి సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) రక్షణ భాగం దెబ్బలు తిని కొంచెం కొంచెం అరిగిపోతుంది. చాలా చవక వాటిలో ఆ భాగమే ఉండదు.

మరి ఎప్పుడు మార్చాలి? నా లెక్కలో వయసు ఒక్కటే చూస్తే సరిపోదు, దాని మీద ఏ పని ఆధారపడి ఉందో కూడా చూడాలి. పిల్లాడు పాఠాలు చూసుకునే కంప్యూటర్ అయితే జబ్బు కనబడేదాకా ఆగండి, నేనేమీ అనను. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా పెట్టి శుభలేఖలు కొట్టే మిషన్ అయితే వారంటీ గడువు దాటిన ఏడాదే మార్చేయండి. మంచి కంపెనీలు ఐదు, ఏడు, పదేళ్లు వారంటీ ఇస్తాయి. తయారుచేసినవాడే అంతకు మించి పూచీ పడనప్పుడు మనకెందుకంత మొండి నమ్మకం?

జబ్బు కనబడితే మాత్రం వయసు చూడక్కర్లేదు. పొద్దున్నే రెండు మూడు సార్లు బటన్ నొక్కితే గాని లేవదు, వేడెక్కాక రోజంతా బుద్ధిగా ఉంటుంది. దీన్ని చాలామంది చలికాలం తంతు అనుకుంటారు. నిజానికి కెపాసిటర్లు ముసలివైనప్పుడు ఎక్కువగా కనబడే లక్షణమిది. పెద్ద ఫొటో ఫైలు ఎక్స్‌పోర్ట్ చేస్తుండగా ఉన్నట్టుండి రీస్టార్ట్ అయినా మొదట అనుమానించాల్సిన వాటిలో ఎస్‌ఎంపీఎస్ ఒకటి. కాలిన వాసన వస్తే ఇక ఆలోచన లేదు, ప్లగ్ పీకేయండి.

మెకానిక్ మల్టీమీటర్ పెట్టి "పన్నెండు వోల్టులు వస్తున్నాయండీ, బాగుంది" అంటే పూర్తిగా నమ్మకండి. పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వరకు ఉండాలన్నది నిజమే. కానీ లోడ్ లేకుండా చూసే రీడింగ్‌తో ఏం తెలుస్తుంది? వోల్టేజీలో అలల్లాంటి ఊగిసలాట (రిపుల్) 120 మిల్లీవోల్టులు దాటకూడదు, దాన్ని మామూలు మీటర్ సరిగా పట్టుకోలేదు. విప్పి చూద్దామనే సాహసం కూడా వద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో రాసిన 450 వాట్లు చూడకండి, స్టిక్కర్ మీద 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే ఆ లైను మీద వచ్చేది 192 వాట్లే. నాకూ ఒక కొట్లో అలాంటిదే అంటగట్టబోయారు, చేతిలో పట్టుకుంటే ఖాళీ డబ్బాలా ఉంది. బరంపురంలో కొన్నా, విశాఖ నుంచి తెప్పించుకున్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా రెండు వందలు తగ్గిస్తామంటే ఆ తగ్గింపు వద్దనండి, రేపు వారంటీకి అడిగేది ఆ కాగితమే.

ఇంకొకటి, మాడ్యులర్ రకం (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునేది) కొన్నవాళ్లకు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి సరిగ్గా దూరినా పెట్టకండి. డబ్బాలోకి దూరే చివర పిన్నుల అమరిక కంపెనీకొకటి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కొకటి. తప్పు పిన్నుకు తప్పు వోల్టేజీ వెళ్లి హార్డ్ డిస్కు కాలిపోతే పెళ్లివాళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉంటాయి.