శ్రీ ‘మధ్యలో ఎక్కడైనా’ గారికి

కేరాఫ్ మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు,
బెంగళూరు.

అయ్యా,

నమస్కారం. క్రాసూ మెయినూ స్టేజీ బ్లాకూ లేకుండా ఈ ఊళ్లో ఉత్తరం చేరదని తెలుసు. తమరివి ఎంత వెతికినా దొరకలేదు గనక కేరాఫ్‌తోనే సర్దుకోవలసి వచ్చింది.

తమరు మాకు కొత్త కాదు. సంక్రాంతి పోగానే ఒకసారి, ఎండాకాలం సెలవులకు ముందు ఇంకోసారి మా గ్రూపులో ఎవరో ఒకరు “ఈసారన్నా అందరం కలవాలప్పా” అని మొదలుపెడతారు. వెంటనే తమరి పేరు వచ్చేస్తుంది: “అందరికీ వీలుగా మధ్యలో ఎక్కడైనా పెట్టుకుందాం.” ఇక చూడండి, దండాల బొమ్మలు, బొటనవేళ్లు, పూలగుత్తులు! మా తాత ఆస్తి పంపకాల్లో కూడా ఇంత ఏకగ్రీవం చూడలేదు. ఆ మధ్య ఎక్కడుందో చెప్పమంటే మాత్రం గ్రూపు చప్పబడిపోతుంది. రెండు రోజులకు ఎవరో గుడ్ మార్నింగ్ పెట్టి ఆ సంగతిని కిందికి తోసేస్తారు.

జయనగర్ నాలుగో బ్లాకులో ఉండే మా పెద్దమ్మ ప్రకారం తమరు జయనగర్ నాలుగో బ్లాకులోనే ఉంటారు. “అన్నిటికీ దగ్గరే కదే” అంటుంది. ఆమె అన్నీ అంటే మార్కెట్టు, గుడి, పళ్ల డాక్టరు. వైట్‌ఫీల్డ్ బావకు తమరు ఇందిరానగర్; అంతకంటే పడమటికి రావాలంటే ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాలట, ఆదివారమైనా సరే. యలహంక రైలు చక్రాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన చిన్నాన్న లెక్కలో హెబ్బాళ ఫ్లైఓవర్ దిగగానే తమరి ఇల్లు. ఎలక్ట్రానిక్ సిటీ చెల్లెలు హెచ్ఎస్ఆర్ లేఅవుట్ అని ఘంటాపథంగా చెబుతుంది. సర్జాపుర రోడ్డు తమ్ముడొక్కడే ఏ పట్టూ పట్టడు, “మీరెక్కడంటే అక్కడే అక్కా” అంటాడు. వాడు ఎలాగూ రాడు. కెంగేరి ఉపనగరలో ఉండే నాకు మధ్య అంటే విజయనగర్. అది సహజంగా అందరికీ తెలియాల్సిన విషయమని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఒకప్పుడు తమరికి చిరునామా ఉండేదట. 1537లో కెంపేగౌడ ఈ ఊరికి శంకుస్థాపన చేసినప్పుడు దొడ్డపేటె, చిక్కపేటె వీధులు కలిసే చోట ఎద్దులకు నాగళ్లు కట్టించి నాలుగు దిక్కులకూ తోలించాడని, ఆ చాళ్లే వీధులయ్యాయని చెప్పుకుంటారు. అంటే ఎడ్లు బయల్దేరిన చోటే మధ్య. మ్యాపు లేదు, లొకేషన్ పంపమని అడిగేవాళ్లు లేరు. తర్వాత హలసూరు, లాల్‌బాగ్, కెంపాంబుధి చెరువు, మేఖ్రీ సర్కిల్ దిక్కున నాలుగు గోపురాలు కట్టారు. ఊరు వాటిని దాటదనుకున్నారట, పాపం. ఈ రోజు ఆ నాలుగు గోపురాల నడుమ మా వాళ్లు ఒక్కరు కూడా లేరు. గోపురాల్లో కాపలావాడు ఇంకా ఉండి ఉంటే మమ్మల్నందర్నీ పరాయి ఊరివాళ్లనే రాసుకునేవాడు.

మమ్మల్ని ఊళ్లో కలిపింది 2007. ఆ ఏడాది ఏడు నగరసభల్ని, ఒక పురసభని, 110 పల్లెల్ని పాత కార్పొరేషన్‌లో కలిపేసి బృహత్ బెంగళూరు మహానగర పాలికె అన్నారు. ఆ ఒక్క పురసభ మా కెంగేరే. అంతవరకూ “బెంగళూరికి పోయొస్తా” అని చెప్పి బస్సెక్కిన మేము, బస్సు ఎక్కకుండానే బెంగళూరువాళ్లమయ్యాం. మళ్లీ 2025 సెప్టెంబరులో అదే బృహత్తును అయిదు కార్పొరేషన్లుగా కోశారు: ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ, మధ్య. చూశారా, సర్కారు తమరికి ఏకంగా ఒక కార్పొరేషనే ఇచ్చింది! మా వాళ్లు నాలుగు దిక్కుల కార్పొరేషన్లలోనూ దొరుకుతారు. తమరి దాంట్లో మాత్రం ఒక్కరూ లేరు. అక్కడ ఇల్లు కొనాలంటే తాత పంచిన ఆస్తి చాలదు.

తమరిని శాస్త్రీయంగా పట్టుకోవాలని మా మేనల్లుడు ఒక రాత్రంతా కూర్చున్నాడు. అందరి ఇళ్ల లొకేషన్లూ కంప్యూటర్లో వేసి సరాసరి తీశాడు. తమరు దొమ్మలూరు దగ్గర మిలిటరీవాళ్ల ప్రహరీ లోపల తేలారు. మా కుటుంబం కలవాలంటే ముందు సైన్యంలో చేరాలని అప్పుడు అర్థమైంది. పైగా ఈ ఊళ్లో కిలోమీటరూ నిమిషమూ తోడికోడళ్ల లాంటివి, ఒకటి చెప్పింది ఇంకోటి ఒప్పుకోదు. 2024లో ఇక్కడ 10 కిలోమీటర్లు పోవడానికి సగటున 34 నిమిషాలు పట్టిందని టామ్‌టామ్ అనే ట్రాఫిక్ లెక్కల కంపెనీ తేల్చింది. ఆ సగటు ఎవరిదో గానీ వానపడ్డ శుక్రవారం సాయంత్రం మారతహళ్లిలో ఉన్నవాడిది కాదు. కాబట్టి తమరు అందరికీ సమాన దూరంలో ఉన్నా చెల్లెలు గంటలో వస్తుంది, బావ భోజనాలయ్యాక వస్తాడు. వచ్చి, “నేనే దూరం నుంచి వచ్చాను” అని రెండుసార్లు వడ్డించుకుంటాడు.

తమరి దర్శనం అసలు కాలేదని అనను. కబ్బన్ పార్కులో కలిశాం. దాదాపు 300 ఎకరాల పార్కులో ‘చెట్టు కింద ఉన్నాం’ అని మెసేజ్ పెట్టిన మహానుభావుడు మా చిన్నాన్నే. సగం మంది బ్యాండ్‌స్టాండ్ దగ్గర, సగం మంది లైబ్రరీ వెనక వెదుర్ల దగ్గర కూర్చుని ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం. ఓళిగలు (బొబ్బట్లు) ఒకవైపు, నెయ్యి ఇంకోవైపు. ఇంకోమారు రెసిడెన్సీ రోడ్డు దిక్కున ఒక ఆంధ్రా భోజనాల హోటల్ చూసుకున్నాం. బెంగళూరులో ఆంధ్రా భోజనానికి లోటు లేదు గానీ మా సైన్యం ఒక్క బల్లకు పట్టదు. మూడు బల్లలకు పంచారు, అందులో ఒకటి మేడ మీద. ప్రతి కుర్చీ వెనకా ఎప్పుడు లేస్తారా అని నిలబడ్డ జనం. “స్వల్ప అడ్జస్ట్ మాడి”, అంటే కొంచెం సర్దుకోండి, అని వాళ్లడిగితే కాదనలేక, మా అత్త పెరుగన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కుంది. పొడి, నెయ్యి మాత్రం బాగున్నాయి. న్యాయంగా చెప్పాలి కదా.

ఇంతకీ తమరు మాకు చేస్తున్న అసలు ఉపకారం వేరే ఉందని నాకు ఈ మధ్యే తట్టింది. తమరున్నంత కాలం మాలో ఎవరూ “మా ఇంటికి రండి” అనక్కర్లేదు. ఆ మాట నోట్లోంచి రాకుండా ఎంత చక్కగా అడ్డం కూర్చున్నారు! హిందూపురంలో మా తాత ఇల్లు ఎవరికి మధ్యలో ఉండేది? కర్నూలు అత్తకు రాత్రంతా ప్రయాణం. చిత్తూరు మామ రెండు బస్సులు మారేవాడు. అయినా ఎవరూ దూరమనలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఒకాయన పండగకు రమ్మని కార్డు ముక్క రాసేవాడు, రాకపోతే ఏడాదంతా మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు మాకు మూడేసి పడకగదులున్నాయి. చాపలు లేవు. వచ్చినవాళ్ల పేరు గేటు యాప్‌లో ఎక్కించి, ఓటీపీ పంపి, విజిటర్ పార్కింగ్ నిండిందని సెక్యూరిటీ చెప్పాక కిందికి దిగి బతిమాలాలి. క్లబ్ హౌస్ అడిగితే డిపాజిట్టు, పైగా తొమ్మిదికల్లా పాటలు కట్టెయ్యాలి. బెంగళూరంతా మీద పడి ఇళ్లు కొన్నది ఇందుకేనా అని అడగొచ్చు తమరు. కొన్నప్పుడు చుట్టాలు గుర్తురాలేదు సార్, ఆఫీసు గుర్తొచ్చింది.

అందుచేత తెలియజేయునది ఏమనగా: పోయిన వారం మా పెద్దమ్మ తమరితో సంబంధం తెంచేసుకుంది. ఆమె వాట్సాప్ చూడదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. “నా మోకాళ్లు ఒప్పవు, నేను యాడికీ రాను. రెండో ఆదివారం పన్నెండుకల్లా మీరే రండి. వంట చెయ్యను, తెప్పిస్తా. కారు తెచ్చినోళ్లు పార్కింగ్ గురించి నన్ను అడగొద్దు.” అంతే. జయనగర్ ఎవరికి దగ్గర, ఎవరికి దూరమని ఒక్కరూ నోరెత్తలేదు. సర్జాపుర తమ్ముడు కూడా వస్తానన్నాడు. వాడిని అడగలేదు కదా, రమ్మంది.

కాబట్టి ఇకమీదట తమరు మా గ్రూపులోంచి దయచేయవలసిందిగా ప్రార్థన. పక్కింటివాళ్లు కాలేజీ స్నేహితులను కలిపే పనిలో ఉన్నారు, తమరి కోసమే చూస్తున్నారు.

ఇట్లు,
కెంగేరి నుంచి,
కుటుంబ సమావేశాల బాధ్యత తనంతట తానే నెత్తికెత్తుకున్న పెద్ద మనవరాలు

తా.క.: ఈ ఉత్తరం ముగించేలోపు గ్రూపులో కొత్త గోల. కారు వద్దు, మెట్రోలో పోదామనుకున్నాం. చెల్లెలికి బాధ లేదు, 2025లో వచ్చిన పసుపు లైను జయనగర్ పక్కనే ఆర్‌వీ రోడ్డులో దింపుతుంది. బావ వైట్‌ఫీల్డ్ నుంచి, నేను కెంగేరి నుంచి ఊదా లైనులో వచ్చి మెజెస్టిక్‌లో పచ్చ లైనుకు మారాలి. యలహంకకు మెట్రో ఇంకా రాలేదు గనక చిన్నాన్న బస్సులో మెజెస్టిక్ చేరి అక్కడే రైలెక్కాలి. అది చూసి బావ రాశాడు: “అయితే అందరం మెజెస్టిక్‌లో కలిసి కాఫీ తాగి, అక్కణ్ణుంచి ఒకేసారి పోదాం. ఎలాగూ మధ్యలోనే కదా!” దండాల బొమ్మలు పడ్డాయి. ఏ గేటు దగ్గర అన్నదాని మీద పొద్దున్నుంచీ చర్చ నడుస్తోంది. చిన్నాన్న మాత్రం ‘మెట్ల దగ్గర’ అని రాసి, ఇక తన వంతు అయిపోయినట్టు పడుకున్నాడు.