‘తిరస్కరించడమైనది’ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘తిరస్కరించడమైనది’ గారి దివ్య సముఖానికి,

పోయిన వారం మీరు మా ఇంటికి విచ్చేశారు. నెలల తరబడి ఎదురుచూసిన కవరు. లోపల రెండే ముక్కలు: “మీ దరఖాస్తు పరిశీలించడమైనది. నిబంధనల మేరకు తిరస్కరించడమైనది.” కింద సంతకం ఉంది గానీ, రబ్బరు స్టాంపు సరిగ్గా పేరు మీదే కూర్చుంది. వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. మొదటి అక్షరం ‘క’ కావచ్చు, ‘శ’ కావచ్చు.

ఏం వ్యాకరణమండీ మీది! తిరస్కరించింది ఎవరో లేదు, ఎందుకో లేదు. పొద్దు గుంకినట్టు, వాన వెలిసినట్టు, పని దానంతటదే అయిపోయింది. ఇక నేనెవరి మీద కోప్పడను?

అయితే మీకు కోర్టుల్లో పాత పగలున్నాయని ఈమధ్యే తెలిసింది. బొంబాయిలో ఒకాయనకి సినిమా హాలు కట్టుకోవడానికి ఇచ్చిన అనుమతి, ప్రభుత్వ ఆదేశం మేరకు రద్దయిందని పోలీస్ కమిషనర్ కబురు పెట్టాడు. 1951లో సుప్రీంకోర్టు ఆరా తీసింది. రద్దు చేసే అధికారం కమిషనర్‌ది, కానీ ఆయన సొంతంగా ఆలోచించి నిర్ణయించలేదు, కబురు మోశాడంతే. నిర్ణయించిన ప్రభుత్వానికేమో ఆ అధికారమే లేదు. మరి రద్దు చేసిందెవరయ్యా అంటే, చట్టం లెక్కలో ఎవరూ కాదు! కర్త లేని క్రియ చెల్లదని మా తెలుగు మాస్టారు కూడా అంత గట్టిగా చెప్పలేదు.

1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టు స్వాధీనం చేయమన్నప్పుడు మీ వంశం మరీ ముచ్చటగా ప్రవర్తించింది. కారణం ‘ప్రజాప్రయోజనం’. ఆ ప్రయోజనమేమిటో చెప్పండంటే, ప్రజాప్రయోజనం దృష్ట్యా చెప్పబోమన్నారు. మరుసటేడు కోర్టు, పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలనీ, అవతలివాడి మాట వినాలనీ తేల్చింది.

ఉత్తర్వులో లేని కారణాన్ని తర్వాత తీరిగ్గా అఫిడవిట్‌లో అతికిద్దామంటే అదీ కుదరదట. ఉత్తర్వులు పాత మద్యం కావు, నిలవ ఉంటే మెరుగవడానికి అన్నారు జస్టిస్ కృష్ణయ్యర్, మొహిందర్ సింగ్ గిల్ కేసులో. మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. విచారించి తేల్చే అధికారులు మామూలుగా కారణాలు రాయాల్సిందేనని 1990లో అయిదుగురు జడ్జీలు చెప్పారు, అదే తీర్పులో సైనికుల్ని విచారించే కోర్టు మార్షల్‌ని మాత్రం మినహాయించారు. ఆ రోజు మీకు కాస్త ఊపిరాడి ఉంటుంది.

ఇంతా చేసి నేను మీ మీద హైకోర్టులో రిట్ వేస్తే ఏమవుతుంది? తరచూ అయ్యేదే. ‘తిరిగి పరిశీలించండి’ అంటారు. మళ్లీ మీరే వస్తారు, ఈసారి పేజీన్నర కారణాలతో. అయినా రండి. చదువుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, తప్పు పట్టడానికీ ఉంటుంది.

జవాబు రాస్తే మాత్రం ‘లేఖ అందడమైనది’ అనకండి. ఎవరికి అందిందో రాయండి. స్టాంపు కొంచెం పక్కగా వేయించండి.

ఇట్లు,
తమచే పరిశీలించబడినవాడు