పాత లెక్క తేల్చకుండా కొత్త లెక్కా?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ పరిశ్రమకు ఒప్పందం కుదిరినా ఇన్ని వేల ఉద్యోగాలంటూ మర్నాటికే ప్రకటన తయారు. ఇప్పుడు దానికి ‘గణిత నమూనా’ అనే తోక ఒకటి తగిలిస్తున్నారు. విప్పి చూస్తే లోపల ఉండేది ఎక్కం మాత్రమే: పెట్టుబడి ఇన్ని కోట్లు, కోటికి ఇన్ని ఉద్యోగాలు. శ్రీసిటీలో చేత్తో ఏసీలు బిగించే లైనుకూ, యంత్రాలే నడిపే ప్లాంటుకూ ఒకటే గుణకం! ఇదే ఎక్కం ఐదేళ్ల కిందట చెప్పిన అంకె ఏమైందో మాత్రం ఎవరూ పలకరు.

అంచనా అన్నాక తప్పొచ్చు, అసలు లేకపోవడం కన్నా నయమే కదా అనేవారున్నారు. తప్పితే మాకు పేచీ లేదు. ఎంత తప్పిందో చూడకపోవడంతోనే పేచీ.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే తీసుకోండి. తోతాపురి దిగే జూన్, జులైల్లో కాయలు ఏరడానికి, తొక్క తీయడానికి ఆడవాళ్లు షిఫ్టుల్లో కిక్కిరిసి ఉంటారు. నవంబరులో గేటు మూత. వారం లెక్కన చేసే సర్వేలో ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. జులై అంకెను పన్నెండు నెలలకు సాగదీస్తే ఇంకేముంది, జిల్లా అంతా పనే.

చేరికలను ఉద్యోగాలుగా చూపడం ఇంకో గారడీ. 10,000 మంది ఉన్న ఫ్యాక్టరీలో నెలకు నూటికి ముగ్గురు మానేస్తే, వారి స్థానంలో ఏడాదికి 3,600 మందిని తీసుకోవాలి. పీఎఫ్‌లో పేర్లు చేరుతూనే ఉంటాయి, పనిచేసేవారు మాత్రం అదే పదివేలు.

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నెల్లూరు నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి. మండలాల వారీగా పాత అంకెలను తిరిగి పేర్చకుండా ‘తిరుపతి జిల్లా పదేళ్ల ధోరణి’ అని గీత గీస్తే ఆ గీతకు అర్థం లేదు. కరోనాతో 2020 మార్చి నుంచి జూన్ దాకా తిరుమల దర్శనాలే ఆగాయి. లాడ్జీలు, జీపులు, హోటళ్లు పడుకున్న ఆ ఏడాదిని మొదటి మెట్టుగా తీసుకుంటే, కోలుకోవడం కూడా వృద్ధిలాగే కనిపిస్తుంది.

పరీక్ష పెట్టడం కష్టమేమీ కాదు. చివరి రెండేళ్ల అంకెలను పక్కన దాచి, అంతకుముందు వాటితోనే నమూనా కట్టాలి. దాచిన రెండేళ్లను అది ఎంత దగ్గరగా చెబుతుందో చూడాలి. ‘ఈ ఏడాదీ పోయినేడాది లాగే’ అనే మొరటు అంచనాను కూడా గెలవలేకపోతే అవతల పారేయాలి. గెలిస్తే, ఒకే అంకె కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పాలి. ఇది డిగ్రీ విద్యార్థి చేయగల పని. విశ్వవిద్యాలయం, ఐఐటీ, ఐసర్ (సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) అన్నీ తిరుపతి చుట్టూనే ఉండి కూడా ఇది చేయించుకోలేకపోయామంటే చేతకాక కాదు, ఇష్టం లేక.

ఐటీఐలో ఫిట్టర్ సీట్లు ఎన్ని, వెల్డర్ సీట్లు ఎన్ని అని తేల్చాల్సింది ఇలాంటి అంచనాలతోనే. ఈసారి ప్రకటన ఇచ్చే అధికారులు కొత్త అంకె పక్కనే పాత అంకె, దాని పక్కన నిజంగా వచ్చిన ఉద్యోగాలు వేసి ఇవ్వాలి. ఆ రెండు గళ్లూ ఖాళీగా పంపేటట్టయితే మూడోదీ పంపకండి.